పిలిస్తే పలకడు, మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు!

ప్రశ్న: మేడం గారూ, మాది ఖమ్మం జిల్లా. మా బాబుకు ఎనిమిదేళ్లు, ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. రెండో తరగతి దాకా పర్వాలేదు. ఈ జూన్ నుంచి రోజూ కంప్లైంటే. పక్క పిల్లల్ని కొడుతున్నాడు, అదీ మధ్యాహ్నం పీరియడ్లలోనే. బోర్డు మీదది సగం కూడా రాసుకోడు, నోటితో అడిగితే అన్నీ చెబుతాడు. పిలిస్తే పలకడు. పోనీ వినపడదేమో అనుకుందామంటే, మిక్సీ వేయగానే చెవులు మూసుకుని బయటకు పరుగు. ఇది నటన కాకపోతే ఏమిటి? పొద్దున్నే యూనిఫాం దగ్గర ఏడుపు, సాక్సులు గుచ్చుకుంటాయంటాడు. కాలర్ నమిలి తడిపేస్తాడు. ఈమధ్య నిక్కరులో మరకలు కూడా. మా అత్తయ్య కావాలనే చేస్తున్నాడంటారు. కార్తీకంలో ఒక పెళ్లిలో బ్యాండు మోగగానే గోల చేస్తే మావారు అందరి ముందూ చెంప మీద కొట్టారు. నిద్ర మాత్రం బాగా పోతాడు, వాళ్ల తాతలా గురక కూడా పెడతాడు! ఏడాదిలో సగం రోజులు జలుబే. స్కూలువాళ్లు ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) కావచ్చంటున్నారు. ఒకరు రంగు కళ్లద్దాలు పెట్టించమన్నారు. ఒక సెంటర్‌లో ఆరు నెలల థెరపీ ప్యాకేజీ చెప్పారు. మావారేమో హాస్టల్లో వేద్దామంటున్నారు. నా పెంపకంలోనే తప్పుందా? వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి. వీణ్ని తీసుకెళ్లాలా, మానాలా? — ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నేను మూడు మాటల కింద గీత పెట్టుకున్నాను. జలుబు, గురక, నిక్కరులో మరకలు. మూడూ మీరు మాటల మధ్యలో అలా అలా రాసేసినవే. గురక సంగతైతే నవ్వుతూ రాసినట్టున్నారు. నాకు మాత్రం మీ బాబు కష్టాల్లో సగం ఆ మూడింట్లోనే ఉన్నట్టనిపించింది.

ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. మామూలు బడిలో కొన్నేళ్లు, ఆ తర్వాత ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో చాలా ఏళ్లు పనిచేసిన టీచర్ని. ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పడం నా పని కాదు. ఎక్కడ వెతికించాలో చెబుతాను, తేల్చాల్సింది డాక్టర్లు.

మిక్సీ సంగతి మిమ్మల్ని బాగా బాధపెట్టినట్టుంది, అక్కడే మొదలుపెడదాం. చిన్న లెక్క చూడండి. మనం మామూలుగా మాట్లాడుకునే మాట దాదాపు 60 డెసిబెళ్లు. గుసగుసలాడితే 30. మిక్సీ మోత 80, 90 దాకా ఉంటుంది. ఇప్పుడు చెవిలో ఏదో అడ్డుపడి ఓ 30 డెసిబెళ్లు తగ్గాయనుకోండి. మీరు పిలిచిన పిలుపు వాడికి గుసగుసలా చేరుతుంది. మధ్యలో టీవీ మోగుతుంటే అదీ చేరదు. మిక్సీ మోత అంత తగ్గినా శుభ్రంగా వినపడుతుంది. కాబట్టి పిలుపు వినపడకపోవడం, మిక్సీ వినపడటం రెండూ ఒకే పిల్లాడిలో ఉండొచ్చు. నటన అక్కర్లేదు. వినపడిన మోత వాడికి అంత భరించలేనిదిగా ఎందుకుందనేది ఇంకో సంగతి, దానికి తర్వాత వస్తాను.

చెవిలో ఆ అడ్డు ఏమిటి? ఏడాదిలో సగం రోజులు జలుబు ఉండే పిల్లల్లో తరచు కనిపించేది ఒకటుంది. కర్ణభేరి వెనక చిన్న గది లాంటి చోటు ఉంటుంది. అక్కణ్నుంచి గొంతులోకి సన్నని గొట్టం దిగుతుంది. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల్లో అది పొట్టిగా, వాలు తక్కువగా ఉంటుంది. జలుబులతోనో, ముక్కు వెనకాల ఎడినాయిడ్స్ అనే మెత్తటి కండ వాయడం వల్లో అది సరిగ్గా పనిచేయకపోతే ఆ గదిలో జిగురుగా నీరు చేరుతుంది. చీము కారదు, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. అందుకే ఎవరికీ తెలియదు. జలుబు తగ్గిన వారం వినపడుతుంది, మళ్లీ వచ్చిన వారం తగ్గుతుంది. నిన్న పలికినవాడు ఇవాళ పలక్కపోతే మనకేమనిపిస్తుంది? పొగరనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించింది ఒకప్పుడు. నేను కొత్తగా టీచరైన రోజుల్లో ఒక పిల్లాడు డిక్టేషన్ చెబితే పక్కవాడి పలకలోకే చూసేవాడు. కాపీ కొడుతున్నాడని చివరి బెంచీకి పంపాను. అక్కడ వాడికి నా మాట ఇంకా దూరమైంది. నాలుగు నెలల తర్వాత వాళ్ల నాన్న వచ్చి చెవి పరీక్ష కాగితం నా బల్ల మీద పెట్టారు. ఒక్క మాట అనలేదాయన. అనుంటే బాగుండేది.

మీరు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర రెండు పరీక్షలు అడగండి. వినికిడి ఎంత ఉందో చూసే ఆడియోమెట్రీ, కర్ణభేరి ఎలా కదులుతుందో చూసే ఇంపిడెన్స్ పరీక్ష. రెండూ నొప్పి లేనివే. ఇంట్లో చప్పట్లు కొట్టి చూస్తే తేలదు, చప్పట్లు గట్టి శబ్దం కదా. నీరుందని తేలినా కంగారు పడకండి, చాలామందిలో మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోకపోతే ఏం చేయాలో డాక్టర్ చెబుతారు. ఈలోగా చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోయొద్దు, ఎవరు చెప్పినా సరే.

అక్కడే గురక గురించీ చెప్పండి. చెప్పడం కంటే చూపించడం మేలు. రాత్రి వాడు పడుకున్నాక ఛాతీ, ముఖం కనిపించేలా ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీయండి. నోరు తెరిచి పడుకుంటున్నాడా, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఒక్కసారిగా ఎగపీలుస్తున్నాడా, మెడ వెనక్కి విరుచుకుంటున్నాడా అన్నవి డాక్టర్‌కు చాలా చెబుతాయి. జలుబు లేని రోజు కూడా పిల్లాడు గురక పెడుతుంటే అది గాఢ నిద్రకు గుర్తు కాదమ్మా. గాలి దారి ఇరుకైందని అర్థం. టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెద్దవైన పిల్లలు తెలియకుండానే రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడుతూ ఉంటారు. నిద్ర చాలకపోతే పెద్దవాళ్లం తూగుతాం. పిల్లలు చాలామంది తూగరు, ఎగురుతారు. చిరాకు, దూకుడు, ఒకచోట కూర్చోలేకపోవడం. పగలు చూసినవాళ్లు ఏడీహెచ్‌డీ అంటారు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. మీవాడు పక్క మీద అన్ని గంటలు ఉంటే ఉండొచ్చు. అందులో నిద్ర ఎంత అన్నదే తేలాలి.

ఇక నిక్కరులో మరకలు. మీ అత్తయ్యగారు కావాలనే చేస్తున్నాడంటున్నారు. దయచేసి ఈ పేరా ఆవిడకు చదివి వినిపించండి. ఎనిమిదేళ్ల పిల్లాడు, తోటివాళ్లు ముక్కు మూసుకుంటారని తెలిసినవాడు, కావాలని ఆ పని చేయడు. ఇది ఎక్కువగా మలబద్ధకంలో కనిపిస్తుంది. విరేచనం కారుతుంటే మలబద్ధకం ఏమిటంటారా? పిల్లాడు రోజుల తరబడి ఆపుకుంటే లోపల మలం గట్టిపడి గడ్డలా పేరుకుంటుంది. పేగు చివరి భాగం సాగిపోయి, వస్తోందన్న స్పృహే మొద్దుబారుతుంది. ఆ గడ్డ పక్కల నుంచి పలచటిది కొంచెం కొంచెం జారుతుంది. జారినట్టు వాడికి తెలియదు. తెలిసేది తడిసిన తర్వాతే.

మధ్యాహ్నం పీరియడ్లలోనే కొడుతున్నాడని రాశారు చూశారా, నాకు అక్కడ ఆగాలనిపించింది. అన్నం తిన్నాక పేగుల్లో కదలిక ఎక్కువవుతుంది, ఎవరికైనా. పన్నెండున్నరకు డబ్బా తిన్న పిల్లాడికి ఒంటిగంట, రెండు మధ్య కడుపులో మెలిపెడుతుంది. స్కూల్లో వెళ్లడు. ఎందుకు వెళ్లడో మనకు తెలియనిదేముంది? గొళ్లెం ఉండదు, నీళ్లు రావు, లేదా పై అంతస్తు నుంచి కిందికి దిగి వచ్చేసరికి టీచర్ ఇంతసేపా అంటుంది. కాళ్లు మెలేసుకుని, బిగబట్టుకుని కూర్చున్నవాణ్ని పక్కవాడు సరదాగా తోశాడనుకోండి. ఆ దెబ్బ అక్కడ పడుతుంది. జూన్‌లో ఏం మారిందో కనుక్కోండి. తరగతి గది మారిందా? బాత్రూమ్ దూరమైందా? పుట్టుకతో వచ్చిన స్వభావమైతే జూన్ దాకా ఆగి ఉండదు.

పిల్లల డాక్టర్‌కు ఈ మరకల సంగతి మొహమాటపడకుండా చెప్పండి. ఆయన పొట్ట నొక్కి చూస్తారు, మలాన్ని మెత్తబరిచే మందు రాస్తారు. ఇక్కడే చాలామంది తల్లులు పొరబడతారు. వారం వాడి, సాఫీగా అవుతోందని ఆపేస్తారు. సాగిన పేగు మామూలు స్థితికి రావడానికి నెలలు పడుతుంది, మందు కూడా డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడాల్సిందే. ఆముదం మాత్రం పట్టించకండి. పొద్దున టిఫిన్ తర్వాత, రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలు బాత్రూమ్‌లో కూర్చోబెట్టండి, వచ్చినా రాకపోయినా. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద పీట వేయండి. గాల్లో వేలాడే కాళ్లతో ముక్కడం కుదరదు. పాలు రోజుకు మూడు నాలుగు గ్లాసులు పోస్తుంటే తగ్గించండి. పాలతో పొట్ట నిండిన పిల్లాడు ఆకుకూర, పప్పు ముట్టడు.

రక్తం కూడా పరీక్ష చేయించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. మీవాడు ఆ వయసు దాటాడు గానీ, అది ఇంట్లో ఎవరూ గుర్తించకుండా ఉండిపోయే సమస్యే. ఐరన్ తక్కువైన పిల్లలకు చదువు మీద దృష్టి నిలవదు, చిరాకు ఎక్కువ, కొందరికి రాత్రిళ్లు కాళ్లు కుదురుగా ఉండవు. సుద్దముక్కలు, బలపాలు తింటున్నాడా చూడండి. రాత్రిళ్లు వెనక గోక్కుంటుంటే నులిపురుగులు కావచ్చు. నులిపురుగుల నివారణ దినం రోజు స్కూల్లో మాత్ర ఇస్తారు, ఆ రోజు బడి మాన్పించకండి.

ఉత్తరంలో లేకపోయినా ఒకటి అడుగుతున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఐదు, పది సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, భుజం తట్టినా తెలియక, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తాడా? టీచర్‌ను కూడా అడగండి. పరధ్యానం అనుకునే వాటిలో కొన్ని మూర్ఛలో ఒక రకం. కింద పడరు, నురగ రాదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. అలా ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి ముందు నరాల డాక్టర్ దగ్గరకే వెళ్లండి.

బోర్డు చూసి రాయకపోవడానికి ముందు కళ్లు చూపించండి. స్కూల్ క్యాంపులో దూరం అక్షరాలన్నీ చదివాడని చెబితే సరిపోదు. దూరదృష్టి ఉన్న పిల్లలు కంటికి శ్రమ పెట్టి ఆ చార్టు చదివేస్తారు, పుస్తకం చదివేటప్పుడు అలసిపోతారు. చుక్కల మందు వేసి చేసే పరీక్ష అడగండి. రెండు కళ్లూ దగ్గర వస్తువు మీద కలిసి నిలుస్తున్నాయో లేదో కూడా చూడమనండి. కళ్లు బాగున్నాయంటే చేతివైపు చూద్దాం. పెన్సిల్ ఎంత గట్టిగా పడుతున్నాడు, అరపేజీకే చెయ్యి విదిలిస్తున్నాడా, బెంచీ మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతున్నాయా. నవ్వొస్తుంది గానీ, పాదాలు ఆనని పిల్లాడి దస్తూరి కోసం కాపీ పుస్తకాలు కొనే ఇళ్లు చాలా చూశాను.

ఇవన్నీ అయ్యాక కూడా రాత రాకపోతే అప్పుడు డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) లాంటివి ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. వయసు కూడా సరిపోయింది, ఎనిమిదేళ్ల ముందు సాధారణంగా తేల్చి చెప్పరు. కానీ చెవి బాగయ్యాకే చేయించండి. క, త, ప, స లాంటి మెల్లని శబ్దాలు సరిగ్గా వినపడని పిల్లాడికి అక్షరాన్ని శబ్దంతో జతచేయడం ఎలా వస్తుంది? ఇంకోటి, తెలుగు ఎలా చదువుతున్నాడో రాయలేదు మీరు. తెలుగు హాయిగా చదివి ఇంగ్లిష్ దగ్గరే ఆగుతుంటే అది వేరు, రెండూ రాకపోతే అది వేరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అని, మేధోపరమైన ఇబ్బందులున్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇలాంటి పరీక్షలకు అక్కడికి వెళ్లొచ్చు. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉందని తేలితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కిందకు వస్తుంది, పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగొచ్చు. రంగు కళ్లద్దాలు మాత్రం వద్దు. చదవడం రాకపోవడాన్ని అవి బాగుచేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

ఇప్పుడు మిక్సీ, సాక్సులు, కాలర్. చెవికి చేరే శబ్దం ఎంతన్నది ఒకటి, చేరినదాన్ని మెదడు ఎంత గట్టిగా తీసుకుంటుందన్నది ఇంకొకటి. మనకు చొక్కా వేసుకున్న రెండో నిమిషానికి లేబుల్ సంగతి గుర్తుండదు. కొందరు పిల్లల మెదడు దాన్ని మరవనివ్వదు, సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంటుంది. అమెరికాలో జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు చేసుకోవడంలో శిక్షణ ఇచ్చే నిపుణురాలు) 1970ల నాటికే దీని మీద పుస్తకాలు రాశారు. ఇలాంటి తీరు ఆటిజంలో, ఏడీహెచ్‌డీలో కనిపిస్తుంది. ఏదీ లేని పిల్లల్లోనూ కనిపిస్తుంది. నిద్ర చాలనప్పుడు, కడుపు బాగోలేనప్పుడు ఇదే ఇంకా ముదురుతుంది. పంటినొప్పి ఉన్న రోజు మనకు మాత్రం పక్కింటి టీవీ భరించాలనిపిస్తుందా?

లేబుళ్లు కుట్టు దగ్గరికి కత్తిరించండి. సాక్సులు తిరగేసి తొడగండి, కుట్టు బయటికి వస్తుంది. కొత్త యూనిఫాం నాలుగు ఉతుకులయ్యాకే వేయండి. మిక్సీ వేసే ముందు చెప్పండి, వీలైతే స్విచ్ వాణ్నే నొక్కనివ్వండి. తన చేత్తో వేసిన మోత తక్కువ భయపెడుతుంది. కాలర్ నమిలేవాడికి నమలడానికి ఏదో కావాలి. స్కూలు నుంచి రాగానే జంతికలు, క్యారెట్, చెరకు ముక్క ఇవ్వండి. హోంవర్క్‌కు ముందు ఒంటికి బరువు తగిలే పని చెప్పండి. చపాతీ పిండి పిసకడం, తడి బట్టలు దులిపి ఆరేయడం, కిరాణా సంచీ మోయడం. చాలామంది పిల్లలు దాంతో కుదుటపడటం నేను చూశాను.

థెరపీ గురించి అడిగారు. మంచి ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దొరికితే మేలే, ముఖ్యంగా రాతకు, రోజువారీ పనులకు. కానీ శబ్దం, స్పర్శ లాంటివాటిని తట్టుకునేలా చేస్తామనే ఇంద్రియాల థెరపీ (సెన్సరీ థెరపీ) ఎంత పనిచేస్తుందన్న దానిమీద పరిశోధనలు తక్కువనీ, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలనీ అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమే 2012లో హెచ్చరించింది. చెవి, కడుపు చూడకుండానే ఆరు నెలల డబ్బు ముందే కట్టమనేవాళ్ల దగ్గర కట్టకండి. ఏ పని మెరుగుపడాలని చేస్తున్నారు, ఎన్ని వారాల్లో తెలుస్తుంది అని అడగండి. చెప్పలేకపోతే వచ్చేయండి.

ఏడీహెచ్‌డీ కాదని నేననను. ఉండొచ్చు, ఆటిజం లక్షణాలు కొన్ని ఉన్నా ఉండొచ్చు. ఉంటే సిగ్గుపడాల్సిన పనీ లేదు. కానీ ఏడీహెచ్‌డీ అనాలంటే ఆ లక్షణాలు బడిలోనే కాక ఇంకోచోట కూడా, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, వేరే కారణం కాదని తేలాలి. రేపు అదే తేలినా, వాడి కడుపునొప్పి కడుపునొప్పే. పేరు పడ్డాక పిల్లాడు ఏం చేసినా ఆ పేరు మీదకే తోసేయడం డాక్టర్లలోనూ చూశాను.

కాబట్టి ముందు పిల్లల డాక్టర్, తర్వాత ఈఎన్‌టీ, కళ్లు. సైకాలజిస్ట్ ఆ తర్వాత. జిల్లా ఆసుపత్రిలో ఈ మూడూ తక్కువ ఖర్చులో అయిపోతాయి. వెళ్లే ముందు రెండు వారాలు ఒక నోటుబుక్‌లో రాయండి. గొడవ ఎన్నింటికి, ఎక్కడ, అంతకుముందు ఏం జరిగింది, ఆ రోజు విరేచనం అయిందా, రాత్రి ఎలా పడుకున్నాడు, జలుబుందా. ఆ పుస్తకం నా సమాధానం కంటే పనికొస్తుంది. టీచర్‌తో గొడవ పెట్టుకోకుండా మూడు అడగండి. ముందు బెంచీ, అడిగినప్పుడల్లా బాత్రూమ్‌కు పంపడం, బోర్డు మీది మిగిలింది పక్కవాడి నోటుబుక్ చూసి రాసుకోనివ్వడం. ఈ చిన్న వాటికి స్కూళ్లు మామూలుగా కాదనవు.

మీ వారికి చెప్పండి, హాస్టల్ బాత్రూమ్ స్కూల్ బాత్రూమ్ కంటే మెరుగ్గా ఉండదు. గురక అక్కడ ఎవరూ వినరు. చెంపదెబ్బ గురించి ఆయనకూ లోపల బాధగానే ఉండి ఉంటుంది. ఈఎన్‌టీ దగ్గరకు ఆయన్నే తీసుకెళ్లమనండి. వినికిడి కాగితం తండ్రి చేతిలో పడితే ఇంట్లో వాదన సగం తగ్గుతుంది. పెంపకంలో తప్పా అన్నారు. మరకలు, గురక, జలుబు అన్నీ గమనించి రాసింది మీరే కదమ్మా.

తమ్ముడి పెళ్లికి తీసుకెళ్లండి. మేనల్లుడు లేకుండా ఏం పెళ్లి? కాకపోతే బ్యాండు, డీజే ఉండే ఊరేగింపుకు మాత్రం వద్దు, మండపానికి నేరుగా రండి. ఒంటికి అలవాటైన మెత్తటి చొక్కా వేయండి, జరీ కుర్తా ఫొటో కోసం ఐదు నిమిషాలు చాలు. చెవులకు పెట్టుకునే ఇయర్‌మఫ్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వారం ముందు నుంచి ఇంట్లో మిక్సీ దగ్గర అలవాటు చేయండి. స్పీకర్లకు దూరంగా ఒక గది ముందే చూసిపెట్టుకుని వాడికి చూపించండి, చిరాకేస్తే అక్కడికి రావచ్చని చెప్పండి. తలంబ్రాల పళ్లెం మోసే పని వాడికివ్వండి, అది కాస్త బరువుగానే ఉంటుంది. అక్షింతలు వేశాక భోజనం, భోజనమయ్యాక బాత్రూమ్, ఆ తర్వాత ఎంతసేపు ఉంటాడన్నది వాణ్ని అడిగే తేల్చుకోండి.